వానలెక్కల రేకు

పోయిన వారం మిమ్మల్ని నా ట్రైలర్ వెనకాలే, నడిరోడ్డు మీద వదిలేశాను. మరిచిపోయినవాళ్లకీ, ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్లకీ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, వినండి.

క్లారీ క్లైనిగ్ మే నెల మొదట్లో పోయాడు. ఆరు వారాలు తిరక్కుండానే అతని తెల్ల యూట్, అంటే వెనక తొట్టి ఉండే మా రైతుల బండి, గోధుమ గోదాముల దగ్గర ఇంజను పట్టేసి ఆగిపోయింది. నడుపుతున్నది అతని భార్య వెర్నా. డెబ్భై ఆరేళ్ల మనిషి. వారంటీ అప్పటికింకా రెండు నెలలుంది. అయినా బండి అమ్మిన మా టార్లింగా ఊరి డీలరువాళ్లు సర్వీసు పుస్తకం తెరిచి చూసి, ఒక్క ముద్రా లేదు కాబట్టి ఐదేళ్లుగా ఆయిలే మార్చలేదని తేల్చేశారు. వారంటీ వర్తించదని వెర్నాకి ఉత్తరం రాశారు. అందులో 'యజమాని నిర్లక్ష్యం' అన్న మాట పడింది. ఇంజను పోయినప్పుడు వెర్నా కన్నీళ్లు పెట్టలేదు. ఆ మాట చదివి పెట్టుకుంది.

నిజానికి క్లారీ అన్నీ రాశాడు. పుస్తకంలో కాదు, షెడ్డు గోడ మీద. అందుకని నేనూ వెర్నా మరమేకులు విప్పి ఆ గోడరేకునే ఊడదీశాం. దుప్పట్లో చుట్టి, నా ట్రైలర్లో పడుకోబెట్టి, పన్నెండు మైళ్లు పసిబిడ్డని తీసుకొస్తున్నట్టు మెల్లగా తీసుకొచ్చాం. నేనంటే నెవ్ ప్రాట్‌ని. అదే డీలరు దగ్గర విడిభాగాల కౌంటరు వెనక ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డవాణ్ణి. మూడేళ్ల కిందట రిటైరయ్యాను. ఉప్పు తిన్న ఇంటి మీదికే దండెత్తి పోతున్నానని ఊళ్లో కొందరు అంటున్నారట. అననీండి. ఆ ఉప్పు పెట్టింది పాత యజమాని వాలీ పెన్‌గిల్లీ, ఇప్పుడున్నవాళ్లు కాదు.

ఇక అసలు సంగతికొస్తాను.

గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఆ తలుపులంటే నాకు మొదట్నించీ గిట్టదు. వాలీ రోజుల్లో అక్కడ చెక్క తలుపుండేది. వాన పడితే ఉబ్బిపోయేది, భుజం పెట్టి నెడితేగాని కదిలేది కాదు. కష్టపడి లోపలికొచ్చినవాడు ఏదో ఒకటి కొనకుండా పోడని వాలీ నమ్మకం. తలుపు దాటగానే నా కౌంటరు. కౌంటరు మీద రోజంతా మరిగే టీ కెటిల్. వాన పడిన మర్నాడు పొద్దున్నే రైతులంతా అక్కడ చేరేవాళ్లు. బండి కొనేవాడొకడైతే అబద్ధాలాడేవాళ్లు పదిమంది.

"మా గేటు దగ్గర నలభై పాయింట్లు!"

"నీ గేటు దగ్గర వాన కొలిచే గొట్టంలో కుక్క పోసుంటుంది. మాకు పన్నెండే."

మావైపు పాతతరం వానని పాయింట్లలో కొలుస్తుంది. నూరు పాయింట్లయితే అంగుళం. మిల్లీమీటర్లు వచ్చి యాభై ఏళ్లు దాటింది, బళ్లో పిల్లలకి అవే నేర్పారు, రేడియోవాడూ అవే చెబుతాడు. క్లారీ మాత్రం చచ్చేదాకా ఆ మాట నోట పలకలేదు. "మిల్లీమీటర్లు తాగి గోధుమ పెరగదురా నెవ్" అనేవాడు. రేడియోలో ఏడు మిల్లీమీటర్లు అని చెబితే, "అదెంతో మనుషుల భాషలో చెప్పు" అని రేడియోనే తిట్టేవాడు. ఆ మాటలన్నీ ఆ కౌంటరు దగ్గర నిలబడి విన్నాను. ఇప్పుడా కౌంటరున్నచోట కాఫీ యంత్రం, రెండు తెల్ల సోఫాలు.

"నెవ్, ఏంటిది?" అంటూ ఎదురొచ్చాడు బ్రెంటన్ లైబెల్ట్. సర్వీస్ మేనేజర్. నలభై ఆరేళ్లవాడు. వెర్నాకి వచ్చిన ఉత్తరం కింద సంతకం ఇతనిదే. ఊరి ఫుట్‌బాల్ జట్టులో క్లారీ శిక్షణలో ఆడి పెద్దవాడయ్యాడు. వెర్నా చేతి కేకులు తిని పెరిగాడు.

"కనబడట్లా? రేకు."

"రేకెందుకండీ షోరూంలోకి?"

"సర్వీసు పుస్తకం అడిగారుగా. ఇదే. కాస్త పెద్ద సైజు, అంతే. ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాడు పాపం. వెర్నా వైపు మాత్రం చూడలేదు. "బావున్నారా మిసెస్ క్లైనిగ్" అన్నాడు నేలకేసి చూస్తూ. పుట్టి బుద్ధెరిగాక వాడామెని ఆంటీ అని తప్ప ఇంకోలా పిలవలేదు.

"బావున్నానయ్యా మిస్టర్ లైబెల్ట్" అంది వెర్నా. చెంప మీద కొట్టినా అంత చురుక్కుమనేది కాదేమో.

లోపలి గదిలో, బండి తయారుచేసిన కంపెనీ తరఫున ఈ గొడవ తేల్చడానికి అడిలైడ్ నుంచి వచ్చిన మనిషి కూర్చునుంది. లీనా పావ్లిడిస్ అట. ముప్పై అయిదేళ్లుంటాయి. కంప్యూటర్ తెరిచి పెట్టుకుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, అక్కడికది మర్యాదే. వెర్నా సంచిలోంచి కేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పైన వెన్న, పంచదార పొడిపొడిగా చల్లి కాల్చే మావైపు జర్మన్ కుటుంబాల కేకు.

"కొట్లాటకొచ్చినా వట్టిచేతుల్తో రావడం మా ఇళ్లలో లేదమ్మా. తిను. తిన్నావని నావైపు చెప్పక్కర్లేదులే" అంది.

లీనా నవ్వి ఒక ముక్క తీసుకుంది. బ్రెంటన్ తీసుకోలేదు. అది నేను గమనించాను. ఆ కేకు కోసం ఆట మధ్యలోనే గీత దాటి వచ్చేవాడు ఒకప్పుడు.

లీనా ఒక కాగితం వెర్నా ముందుకి జరిపింది. "మిసెస్ క్లైనిగ్, మీ పరిస్థితి మాకర్థమైంది. మా బాధ్యత కాకపోయినా గుడ్‌విల్ కింద కొత్త ఇంజను ఖర్చులో సగం కంపెనీ పెట్టుకుంటుంది. ఇక్కడ ఒక సంతకం చేస్తే చాలు."

వెర్నా కళ్లజోడు పెట్టుకుని, వేలితో వరస వరసా చదివింది. మూడో వరస దగ్గర వేలాగింది.

"'సకాలంలో ఆయిలు మార్చకపోవుట వలన.' ఇక్కడ నేను సంతకం పెడితే, మా ఆయన మార్చలేదని నేనే రాసిచ్చినట్టేగా?"

"అది మామూలుగా రాసే భాషేనండీ. అందరికీ అలాగే..."

"నీకు మామూలు. నాకు కాదు. ఆ మనిషి ఆదివారం చర్చి నుంచి రాగానే తలుపు బందులకి కూడా నూనె పెట్టేవాడు. నా కుట్టుమిషన్‌కి నాకంటే ముందు ఆయనే పెట్టేవాడు. యాభై రెండేళ్లు కాపురం చేశాను, ఒక్కనాడు కిర్రుమన్న తలుపు వినలేదు. ఇప్పుడు ఆసుపత్రి తెల్లమంచం మీంచి వెళ్లిపోయాక, నిర్లక్ష్యం మనిషని రాస్తారా? సగం కాదు, మొత్తం ఇంజను ఊరికే ఇచ్చినా ఆ మాటున్న కాగితం మీద నా పేరు పడదు. ముందా మాట తియ్యండి. తర్వాత ఇంజను సంగతి."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచకపోవడం చూసే నాకు భయమేసింది.

"మరి పుస్తకం ఇచ్చాం కదండీ," అంది లీనా, "అందులో ఎందుకు రాయలేదాయన?"

దానికి జవాబు నా దగ్గరుంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాను. అయిదేళ్ల కిందట, ఈ వ్యాపారం చేతులు మారడానికి నెల ముందు, క్లారీ ఆ యూట్ కొన్న రోజు. తాళాలు చేతికిస్తూ వాలీ సర్వీసు పుస్తకం కూడా ఇచ్చాడు. క్లారీ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదెందుకోయ్, నా గోడుందిగా" అన్నాడు. వాలీ పగలబడి నవ్వాడు. "నీ గోడ చాలు క్లారీ. ఫిల్టర్లు నెవ్ దగ్గర కొనుక్కో, నీ షెడ్డులో నువ్వే మార్చుకో, గోడ మీద రాసుకో. ఎవడైనా అడిగితే వాలీ ఒప్పుకున్నాడని చెప్పు." ఇద్దరూ చేతులు కలిపారు. పుస్తకం ప్లాస్టిక్ తొడుగైనా విప్పకుండా బండి సొరుగులోకి పోయింది. నేను పక్కనే నిలబడి వాళ్లతోపాటు నవ్వాను. వారంటీ కాగితాలు ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి, "ఆ మాటేదో ఒక ముక్క రాసివ్వు వాలీ" అని ఒక్కమాట అని ఉండాల్సింది. అనలేదు. వాలీ మాటకి కాగితం అడగడమంటే ఆ రోజుల్లో అతని మొహాన ఉమ్మేసినట్టే.

"ఆ వాలీ గారు ఇప్పుడు..." అంది లీనా.

"పోయి నాలుగేళ్లయింది."

"క్లైనిగ్ గారూ లేరు, వాలీ గారూ లేరు. ఉన్న సాక్ష్యాలన్నీ పోయినవాళ్లవేనండీ," అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, నిజంగానే బాధపడింది.

"నేను బతికే ఉన్నాగా," అన్నాను. "ఆ రేకూ బతికే ఉంది. చూడు ముందు."

దుప్పటి విప్పి రేకుని గోడకి నిలబెట్టాం. ఆరడుగుల పాత ముడతల రేకు, బయటివైపు తుప్పు, లోపలివైపు వడ్రంగి పెన్సిల్ రాత. ఎండ తగలని గోడ కాబట్టి ఒక్క అక్షరం చెరగలేదు. పై నుంచి కిందిదాకా క్లారీ జీవితమంతా అందులో ఉంది. ఎప్పుడు విత్తనం చల్లాడు, ఏ గేటుకి ఎప్పుడు మేకు కొట్టాడు, ఏ సంవత్సరం నెలల తరబడి ఒక్క చుక్కా పడలేదు, ఏ కుక్క ఎప్పుడు చచ్చిపోయింది. ప్రతి దాని పక్కనా ఆ రోజు వాన. మావైపు అదొక పద్ధతి. వాన పడిన రోజు పొలంలో పనుండదు కాబట్టి షెడ్డులో కూర్చుని బండ్లకి ఆయిలు మార్చుకుంటారు. అందుకని క్లారీ గోడ మీద ఆయిలు ఉన్నచోటల్లా వాన ఉంటుంది.

లీనా దగ్గరికెళ్లి, మెడ ఒంచి చదవసాగింది. పైనున్న పాత వరసల్లో ఒకదాన్ని ముందూ వెనకా చూసుకోకుండా పైకి చదివేసింది.

"'వెర్నా సరే అంది. 22 పాయింట్లు.'"

వెర్నా మొహం పదిహేడేళ్ల పిల్ల మొహంలా ఎర్రబడిపోయింది.

"ఆ రోజు వాన పడిందా ఏంటి," అంది మెల్లగా, ఎవరితోనో కాదు, తనతో తనే. "నాకు గుర్తే లేదు చూడు. ఆయన గేటు దగ్గర గొట్టం చూసుకున్నాకే ఇంటికెళ్లి ఉంటాడు. పెళ్లికి ఒప్పుకున్న సంబరంలో కూడా వాన కొలవడం మానలేదు!"

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేకపోయాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను.

లీనా గొంతు సవరించుకుని కింది వరసల దగ్గరికొచ్చింది. ఈ యూట్‌వి మొత్తం పది. తేదీ, కిలోమీటర్ల అంకె, 'ఆయిల్, ఫిల్టర్', వాన. ఆరునెలలకోటి, తప్పకుండా. వేలితో లెక్కబెట్టుకుంది. తర్వాత మావైపు తిరిగి, చేతులు కట్టుకుంది.

"చాలా బావుందండీ. నిజం చెప్పాలంటే మనసుకి తాకింది. కానీ నా ఉద్యోగం ఇది. ఈ పది వరసలూ మా ఉత్తరం అందాక, పోయిన వారమే రాసుకుని తెచ్చారని మా పైవాళ్లు అంటే నేనేం చెప్పాలి?"

వెర్నా చివాల్న లేచింది. "అంటే మేం దొంగరాతలు రాసేవాళ్లమా?"

"ఆగు వెర్నా," అన్నాను. ఆ క్షణంలో తట్టింది నాకు. ముప్పై ఏళ్లు కౌంటరు దగ్గర విన్న అబద్ధాలు ఊరికే పోలేదు. "అమ్మా లీనా, అక్షరాలు ఎవరైనా రాయొచ్చు. వానని ఎవరు తెస్తారు? వాతావరణ శాఖవాళ్ల దగ్గర మా టార్లింగా వాన ఏ రోజెంతో రాసి ఉంటుంది. నీ కంప్యూటర్లో దొరుకుతుంది. తియ్యి. నేను పాయింట్లని మిల్లీమీటర్లలోకి మార్చి చెబుతాను, నువ్వు సరిచూడు."

లీనా కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను రేకు పక్కన నిలబడ్డాను. అలా నిలబడి పాయింట్ల లెక్క చెబుతుంటే, ఒట్టు, నా పాత కౌంటరు తిరిగొచ్చినట్టే ఉంది.

"అయిదేళ్ల కిందటి అక్టోబరు ముప్పై. నూట నలభై పాయింట్లు. అంటే ముప్పై అయిదున్నర."

"ఊళ్లో ముప్పై ఒకటి. దగ్గరే."

"తర్వాతది మే నాలుగు. ఇరవై ఎనిమిది పాయింట్లు. ఏడు."

"తొమ్మిది."

"చూశావా, కొంచెం అటూ ఇటూ. నీ కంప్యూటర్లో చూసి కాపీ కొట్టి ఉంటే అచ్చంగా కలిసేవి. మాకు రోడ్డుకి ఇటు పడిన వాన అటు పడదమ్మా."

ఆమె కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది. తర్వాతది సెప్టెంబరుది. నాలుగేళ్ల కిందటి సెప్టెంబరు పదిహేడు, అరవై పాయింట్లు.

లీనా వేళ్లు ఆగాయి. "ఊళ్లో ఆ రోజు సున్నా. ముందు రోజూ సున్నా, తర్వాత రోజూ సున్నా." బాధగా తలెత్తింది. "సారీ. ఇది కలవట్లేదు."

నాకు నవ్వాగలేదు. "బూట్లు!" అన్నాను.

"ఏంటి?"

"ఆ రోజు ఊళ్లో చుక్క పడలేదు. ఎండకి రోడ్డు తెల్లగా మెరుస్తోంది. పొద్దున్నే క్లారీ వచ్చాడు, బూట్లకి రెండంగుళాల బురద! అప్పటికే కొత్త యాజమాన్యం ఈ తెల్ల నేల వేయించింది. కావాలని నెమ్మదిగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. 'అరవై పాయింట్లు నెవ్! మీ ఊరికి లేదుగా? ఒక ఆయిల్ ఫిల్టర్ ఇవ్వు. పొలంలోకి దిగలేను, ఆయిలైనా మార్చుకుంటా' అన్నాడు. మేఘం మొత్తం అతని గేటు మీదే కుమ్మరించి పోయింది. వెనకాల మేనేజరు పరిగెత్తుకొచ్చి 'తడి నేల' అని పసుపు బోర్డు పెట్టాడు. క్లారీ తిరిగి పోతూ ఆ బోర్డుకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు. ఆ నెలంతా ఊళ్లో అదే కబురు. బ్రెంటన్, నువ్వూ ఉన్నావుగా ఆ రోజు? నీ కంప్యూటర్లో ఆ తేదీన అమ్మిన ఫిల్టర్లు చూడు."

బ్రెంటన్ అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. వచ్చి మెల్లగా మీటలు నొక్కాడు. ఎంతసేపు చూశాడో తెర వంక.

"ఒకటి పోయింది," అన్నాడు. "ఈ యూట్ ఫిల్టరే. పొద్దున్న తొమ్మిదిన్నరకి. పేరు రాయించుకోలేదు."

"ఎందుకు రాయించుకోవాలి? నేనమ్మాను, క్లారీ కొన్నాడు. ఇద్దరికీ ఇద్దరం తెలుసు."

లీనా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కాసేపు రేకు వంక చూసింది. ఊళ్లో పడని వాన అది. ఏ కంప్యూటర్లో చూసీ రాయడానికి వీల్లేనిది. అదొక్కటే చాలు. తర్వాత ఆమె అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మిసెస్ క్లైనిగ్, ఆ మాట నేను తీయిస్తాను. నిర్లక్ష్యం అన్న మాట మా ఫైల్లో ఎక్కడా ఉండదు. క్షమాపణ ఉత్తరం నేనే రాస్తాను."

వెర్నా కూర్చుండిపోయింది. చేతిరుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. మనసులో మాత్రం వాలీతో చెప్పుకున్నాను, నీ మాట నిలబెట్టానోయ్, అయిదేళ్లు ఆలస్యంగానైనా నిలబెట్టాను అని. ఇంకో ముక్క కేకు కోసుకుందామని కత్తి కూడా తీశాను.

అంతటితో ఈ కథ ముగిసిపోయుంటే ఎంత బావుండేది!

"పద్ధతి ప్రకారం మిగతావీ చూసేద్దాం," అంది లీనా హుషారుగా. తప్పు ఆమెది కాదు. చకచకా ఆరు చూశాం, ఆరూ కలిశాయి. "ఇక ఆఖరుది. ఈ ఏడాది ఏప్రిల్ పదకొండు. దీనికి మీ లెక్క అక్కర్లేదు నెవ్ గారూ, మిల్లీమీటర్లలోనే రాశారు. తొమ్మిది. ఊళ్లోనూ తొమ్మిదే. భలే కలిసింది!"

నా చేతిలో కత్తి చేతిలోనే ఉండిపోయింది.

వెర్నా రుమాలు దించి, లేచి, రేకు దగ్గరికెళ్లింది. ఒంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. రేకు ఊడదీసిన రోజు మసక వెలుతురు, పైగా చిట్టచివరి వరస. ఇద్దరం దాన్ని సరిగా చూడనే లేదు. రాత క్లారీదిలాగే ఉంది. అదే వాలు, అదే పెన్సిల్. కానీ అంకె పక్కన 'మి.మీ.' అని ఉంది.

"ఏప్రిల్ పదకొండా?" అంది. "మార్చి ఇరవై ఎనిమిది నుంచి మేమిద్దరం అడిలైడ్ ఆసుపత్రిలో ఉన్నాం. ఆయన మంచం దిగలేదు. మళ్లీ ఇల్లు చూడలేదు."

లీనా మొహంలో హుషారంతా పోయింది. పెన్ను కింద పెట్టింది. "అంటే ఇది ఆయన రాసింది కాదా? ఇంకెవరో ఆయన రాతలా రాశారా?" ఆమె కళ్లు మిగతా తొమ్మిది వరసల మీదికి పోయాయి. ఒకటి దొంగరాతైతే తక్కినవాటిని ఎవరు నమ్ముతారు? ఇప్పుడే తీయిస్తానన్న మాట మళ్లీ క్లారీ నెత్తిమీదికొచ్చి కూర్చుంటుంది. ఈసారి దాని పక్కన మోసం అన్న మాట కూడా చేరుతుంది.

వెర్నా నావైపు తిరిగింది. ఆ చూపు నేనీ జన్మలో మరిచిపోలేను.

"నెవ్, నాకు సాయం చేద్దామని నువ్వుగానీ..."

"నా బిడ్డల మీద ఒట్టు వెర్నా. నేనే రాసుంటే పాయింట్లలో రాసేవాణ్ణి. తొమ్మిది మిల్లీమీటర్లని నా చెయ్యి రాయదు. ముప్పై అయిదు పాయింట్లని రాస్తుంది."

ఆ మాట అంటూండగానే నాకు తెలిసిపోయింది. ఈ గదిలో బళ్లో మిల్లీమీటర్లు నేర్చుకున్నవాళ్లు ఇద్దరే. ఒకామె ఇవాళే మొదటిసారి మా ఊరొచ్చింది.

తల తిప్పి చూశాను. బ్రెంటన్ తేలు కుట్టిన దొంగలా గోడకి అతుక్కుపోయాడు.

"నేనే రాశాను," అన్నాడు.

ఎవరూ అడగకముందే మిగతాదీ చెప్పేశాడు, ఎన్నాళ్లనుంచో గొంతులో పెట్టుకున్నట్టు. "ఏప్రిల్ మొదట్లో ఆసుపత్రి నుంచి క్లారీ ఫోన్ చేశాడు. మాట సరిగా రావట్లేదు. 'ఒరే, బండి ఆయిలు టైమైంది. వాన పడిన రోజు చూసి వెళ్లి మార్చు. గోడ మీద ఖాళీ ఉండకూడదు. వెర్నాకి చెప్పకు, నేనింక ఇంటికి రానని బెంగపెట్టుకుంటుంది' అన్నాడు. ఆ పదకొండు ఆదివారం. వాన పడుతోంది. వెళ్లాను. గేటు దగ్గర గొట్టం చూసి, ఆయన పెన్సిలే తీసుకుని, ఆయనలాగే రాద్దామని ముందు ఒక చెక్క మీద పదిసార్లు రాసి చూసుకున్నాను. రాత కుదిరింది. పాయింట్ల సంగతి తట్టనేలేదు."

వెర్నా వాడి దగ్గరికి నడిచి, చెయ్యి వాడి చెంప మీద పెట్టింది. పొద్దుట్నించీ మిస్టర్ లైబెల్ట్ అన్న మనిషేనా ఈవిడ అనుకున్నాను. వాడు కళ్లు మూసుకున్నాడు.

లీనాకైతే ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకేంటండీ! మా సర్వీస్ మేనేజరే స్వయంగా ఆయిలు మార్చి రాశాడు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఈ కేసు..."

"ఆగమ్మా," అంది వెర్నా.

చెయ్యి ఇంకా వాడి చెంప మీదే ఉంది. గొంతు మాత్రం మారింది. చిన్నప్పుడు ఆటలో వాడు ఓడిపోయి ఏడుస్తుంటే, ఏం జరిగిందో చెప్పరా అని అడిగే గొంతు.

"మార్చింది నువ్వే. మార్చావని నీకు తెలుసు. మరి రెండు నెలలకి, మార్చలేదని రాసిన ఉత్తరం కింద నీ సంతకం ఎలా పెట్టావురా బ్రెంటన్? మీ క్లారీని ఆ మాట ఎలా అననిచ్చావు?"

బ్రెంటన్ కళ్లు తెరిచాడు. లీనా వైపు ఒకసారి, అద్దాలవతల వర్క్‌షాపులో వరసగా నిలబెట్టిన ఊరివాళ్ల బండ్ల వైపు ఒకసారి చూశాడు.

"సంతకం పెట్టకపోతే," అన్నాడు, "ఆ రోజు ఇక్కడి పీపాలోంచి తీసుకెళ్లి ఆ ఇంజనులో నేనేం పోశానో చెప్పాల్సొచ్చేది, ఆంటీ."